మెట్లబావి గోడ మీద ఉరుకు అక్షరాలు

అచ్చు పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "అక్షరాలు జల్దీ పేర్చడం ఎట్లా?" జల్దీ దానంతట అదే వస్తుంది. చెయ్యి అలవాటు పడితే నిద్రలోనైనా పేర్చవచ్చు. నేనొకసారి వరసగా తుమ్ముతూ నాలుగు పంక్తులు పేర్చాను. ప్రూఫులో ఒక్క తప్పు లేదు. మీరు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. మీరు వేసిన కాగితాన్ని గోడ మీద చూసిన మనిషి ఏం చేస్తాడు? నాకు ఈ ప్రశ్న అడగాలని కూడా ఎవరూ చెప్పలేదు. మా అక్క ప్రాణం మీదికి వచ్చాక నేర్చుకున్నాను.

నారాయణఖేడ్‌లో ఒకే ప్రెస్సు, ఒకే యజమాని దగ్గర పనిచేసి, యాభై నిండకముందే కళ్లు మసకబారి మానుకున్నాను. జీతం ఎప్పుడు పెరిగిందో, ఎన్ని రీములు కొట్టామో రాయను. అవి చదివి ఎవరూ బాగుపడలేదు. ఇంకో మాట ముందే చెప్పాలి. నేను పగలు కట్టె మీద అక్షరాలు కోసేవాణ్ని, సాయంత్రం అరుగు మీద కోతలు కోసేవాణ్ని. రెంటికీ ఊళ్లో పేరుంది. ఇందులో కోతలు ఎక్కడున్నాయో మీరే పట్టుకోండి. మెట్లబావి సంగతిలో మాత్రం వెతకవద్దు.

సంగప్ప

మా యజమాని సంగప్ప. వాళ్లది కన్నడం మాట్లాడే ఇల్లు, తాతల నాటి నుంచి కందుల వ్యాపారం. ఆయనకు అచ్చు గురించి ఏమీ తెలియదు. హైదరాబాదులో ఎవరో పాత తొక్కుడు మిషను అగ్గువకు అమ్ముతుంటే ఎడ్లబండి మీద ఎక్కించుకొని వచ్చాడు. ఆ బరువు లాగిన ఎడ్లు తర్వాత నెల రోజులు నాగలి కనబడితే చాలు పండుకొనేవి. మిషను దించిన రోజు సంగప్ప దాని చుట్టూ మూడుసార్లు తిరిగి నన్ను అడిగాడు.

"ఏనప్పా నర్సిమ్లూ, దీన్ల కందులు వోస్తే పప్పు అయితదా?"

"కాదు సేఠూ, కాగితం వెడితే నోటీసయితది."

"నోటీసంటే నాకు భయమప్పా," అన్నాడు.

నిజంగానే భయం. తాలూకా కచేరీ నుంచి ఏ కాగితం వచ్చినా విప్పకుండా నా చేతిలో పెట్టేవాడు. విచిత్రమేమంటే మా ప్రెస్సుకు నిలకడగా వచ్చే పని ఆ కచేరీదే. శిస్తు కట్టనివాళ్ల ఇంటి తలుపు మీద అంటించే జప్తు కాగితాలు మేమే వేసేవాళ్లం. చుట్టూ నల్ల గీత, లోపల నిటారుగా నిలబడ్డ సన్న అక్షరాలు, కింద ముద్ర కోసం వదిలిన గుండ్రని జాగా. తాను వేయించిన కాగితాన్నే సంగప్ప ఆరేసిన తాడు మీద చూసి దూరంగా నడిచేవాడు. నేను వెనక నవ్వేవాణ్ని. పిరికి యజమానిని చూసి నవ్వడం ఈ వృత్తిలో అందరూ చేసే తప్పే. పిరికివాడికి ఎవరు దేనికి భయపడతారో తెలుస్తుంది. అది కూడా ఒక విద్యే.

అక్షరం ముందుకు వాలిన తీరు

ఒక ఎండాకాలం నాటకాల కంపెనీ ఒకటి ఊళ్లోకి వచ్చింది. బండిలో పోయేవాడికి కూడా కనబడేంత అక్షరం కావాలన్నారు. మా దగ్గరున్న సీసపు అక్షరాలు చిక్కుడు గింజంతవి. నేను తునికి కర్ర తెప్పించి కోయడం మొదలుపెట్టాను.

మామూలు తెలుగు అక్షరానికి ఒకచోట లావు, ఒకచోట సన్నం, కొసలో ఒక వంపు ఉంటాయి. దూరం నుంచి చూస్తే సన్నదంతా మాయమై లావు ముక్కలే మిగులుతాయి. అందుకని మొదటి నుంచి చివర దాకా ఒకటే లావు పెట్టాను. కొసల వంపులు తీసేశాను. తలకట్టును గొడ్డలితో కొట్టినట్టు మొద్దుగా ఆపాను. అప్పుడు అక్షరం కనబడింది గాని కదలలేదు, బియ్యం బస్తాలా కూచుంది. అందుకని ముందుకు వాల్చాను. ఎదురుగాలిలో బండి లాగే మనిషి ఎంత వాలుతాడో అంతే. అంతకంటే వాలిస్తే బోర్లా పడుతుంది, తక్కువైతే కోసినవాడి చెయ్యి వణికిందేమో అనిపిస్తుంది.

వాలు అక్షరానికి కష్టాలు రెండు. కట్టె దిమ్మ నలుచదరంగా ఉంటే పక్క అక్షరానికి దీనికి మధ్య దారి పడుతుంది. కాబట్టి దిమ్మను కూడా వాలుగా కోసి, పంక్తికి రెండు చివరలా ముక్కోణపు చెక్కలు బిగించాలి. రెండోది ఒత్తులు. అక్షరం వాలితే దాని పాదం వెనక్కి జరుగుతుంది. ఒత్తును పాత జాగాలోనే పెడితే అది పక్కింటి బిడ్డలా కనబడుతుంది.

మొదటిసారి వీటన్నిటినీ చూసుకొని అసలుదాన్ని మరిచాను. అచ్చు దిమ్మ మీద అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలని అందరికీ తెలుసు, నేనూ తిరగేసే కోశాను. వాలును తిరగేయలేదు. పదకొండు రోజులు కోసి కాగితం తీస్తే అక్షరాలన్నీ వెనక్కి వాలి ఉన్నాయి. చదవవచ్చు, తప్పు లేదు. కాని చూసేవాడి నడుము నొప్పి పుడుతుంది. సంగప్ప చాలాసేపు చూశాడు.

"నర్సిమ్లూ, ఇవి ఆటకు వోతున్నట్టు లేవప్పా. కల్లు దుకాణంకెల్లి వస్తున్నట్టున్నయి."

మళ్లీ పదకొండు రోజులు కోశాను. అప్పటి నుంచి దిమ్మ ముందు అద్దం పెట్టకుండా ఉలి పట్టలేదు. మీరూ పట్టకండి.

ఏ పనికి, ఎవరికి

వాటిని ఊళ్లో ఉరుకు అక్షరాలు అన్నారు. పేరు జనం పెట్టిందే. నాటకాలకు, తంబూ సినిమాకు, పండ్లు తోముకునే పొడికి, పశువుల అంగడికి అవే వేశాం. ఒక్క మాటకు బాగుంటాయి, రెండు మాటలకు సరిపోతాయి. నాలుగో మాటకు చదివేవాడికి ఆయాసం వస్తుంది. వాటి కింద నిటారు సన్నక్షరం వేస్తేనే అవి ఉరుకుతున్నట్టు ఉంటుంది. అన్నీ ఉరికితే ఏదీ ఉరకదు. ఒక పటేలు ముచ్చటపడి బిడ్డ పెండ్లి కాగితం వాటితో వేయించుకున్నాడు. వియ్యంకుడు అది చూసి, "పిల్లగాడు పారిపోతున్నట్టున్నది, మార్చుండ్రి," అని తిప్పి పంపాడు. మార్చాం.

ఆ నాటకాల కంపెనీ ఏటా వచ్చేది. ఖేడ్‌లో ఆడి, తర్వాత బోరంచ పోయే తొవ్వలోని మెట్లబావి పక్క మైదానంలో ఆడేది. అక్కడ రాతి గోడ ఉంది, నీళ్లున్నాయి, నల్లపోచమ్మ గుడికి పోయేవాళ్లు ఎట్లాగూ ఆగేచోటు. ప్రతి ఏడూ ఆ గోడ మీద నా ఉరుకు అక్షరాలే. చుట్టుపక్కల ఊళ్లలో చదువు వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మిగతావాళ్లకు ఆ కాగితంలో ఏం రాసుందో తెలియదు. వాలిన లావు అక్షరం కనబడితే చాపలు తీసుకొని రావాలని మాత్రం తెలుసు. ఈ సంగతి నా కళ్ల ముందే ఉంది. నేను చూడలేదు.

గత్తర

ఒక ఏడు ఎండలు ముదిరాక గత్తర వచ్చింది. కలరాను మా దిక్కు అట్లాగే అంటారు. ఒక ఆదివారం మధ్యాహ్నం దవాఖాన డాక్టర్ సాబ్ చెమటలు కక్కుతూ ప్రెస్సులోకి వచ్చాడు. తాలూకా మొత్తానికి ఆయనొక్కడే.

"నర్సిములూ, రెండు ఊర్లల్ల ఏడుగురు వొయిన్రు. ఏడుగురు గా బోరంచ తొవ్వల మెట్లబాయి నీళ్లు తాగినోళ్లే. బాయిల వేసే ఎర్రమందు సంగారెడ్డికెల్లి రావాలె. ఎప్పుడొస్తదో తెల్వదు."

"ఎవరన్న కావలుంటే మంచిది గద సాబ్."

"పటేలు ఒకన్ని పెడ్తనన్నడు. ఎల్లుండి మంగళారం. గత్తర భయానికి పోచమ్మ కాడికి జనం ఇంకింత ఎక్కువ వోతరు. అందరు గా బాయి కాడనే ఆగుతరు. నాకు రేపు పొద్దుగాల్లకు నోటీసులు గావాలె. దూరంకెల్లి కనవడాలె."

మా అక్క బాలమ్మను ఇచ్చిన ఊరు ఆ బావికి అరకోసు దూరం. ఇంటి నీళ్లు ఊరి బావివే, కాని ఎండలో పొలం నుంచి వచ్చేటప్పుడు అక్క ఆ మెట్లబావి దగ్గరే ఆగుతుంది. నాకు ఆ మాటే మెదడులో తిరుగుతోంది. తొందర పని, ప్రాణాల పని. దీనికి తొందరగా ఉరికే అక్షరమే తగిందని అనుకున్నాను. కట్టె దిమ్మలున్న డబ్బా కిందికి దించాను.

సంగప్ప అడ్డం వచ్చాడు. "అవి బ్యాడప్పా, వద్దు. జప్తు కాగితం అక్షరాలు వెయ్యి. కట్టెవి అరుగుతయి."

మనుషులు చస్తుంటే కట్టె అరుగుతుందని ఏడుస్తున్నాడని నాకు మండింది. పైకి చెప్పలేదు. "సేఠూ, సన్నక్షరాలు ఎవడు సదువుతడు?" అని మాత్రం అన్నాను. ఆయన చెప్పిన కారణం తప్పు. చెప్పిన మాట ఒప్పు. కారణం నచ్చలేదని మాటను కూడా పారేశాను.

పైన ఒక్క మాట, ఉరుకు అక్షరాల్లో: తాగవద్దు. కింద చిన్నగా: ఈ బావి నీళ్లలో గత్తర ఉన్నది. ప్రూఫు తీసి డాక్టరుకు చూపించాను.

"వహ్వా! గోడనే అరిసినట్టున్నది."

ఆయన చదవగలిగినవాడు. నేనూ చదవగలిగినవాణ్ని. ఇద్దరం ఒకరినొకరు మెచ్చుకున్నాం. సోమవారం పొద్దున్నే దవాఖాన జవాను వాటిని బావి చుట్టూ, తొవ్వ పొడుగునా చెట్లకూ రాళ్లకూ అంటించి వచ్చాడు.

మంగళవారం

పొద్దెక్కుతుండగా దేవమ్మ ప్రెస్సు గడపలో నిలబడింది. ఆమె క్రైస్తవ మిషనువాళ్ల దవాఖానలో నర్సు, ఊళ్లు తిరిగి పురుళ్లు పోసేది. పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్న మనిషి. రొప్పుతోంది.

"నర్సిమ్లన్నా, మెట్లబాయి కాడ ఏం ఆట వెట్టిచ్చినవ్?"

"ఆటేంది? గత్తర నోటీసది. సదవలేదా?"

"నేను సదివిన. మా వాడ ఆడోళ్లు సదవలే, సూసిన్రు. తొవ్వ పొడుగు సూసిన్రు. సద్దులు గట్టుకొని, చాపలు సంకల వెట్టుకొని పోతున్నరు. పోచమ్మకు మొక్కి వచ్చి ఆట జూస్తరట."

చేతిలోని కట్టె దిమ్మ కింద పెట్టి లేచాను.

"నీ కాగితం సదువొచ్చినోళ్లకు నీళ్లు తాగొద్దన్నది. రానోళ్లకు బాయి కాడికి రమ్మన్నది," అంది.

"కావలోడు ఏం జేస్తుండు?"

"గత్తర పేరు ఇనంగనే పరారు."

"డాక్టర్ సాబ్?"

"నాగల్‌గిద్ద దిక్కు వొయిండు. మాపటికి గాని రాడు. నేను బండి మాట్లాడుకొని వస్త. నువ్వు ఉరుకు."

సంగప్పకు ఒక సైకిలుంది. దాన్ని ఎవరైనా తాకితే నాలుగు రోజులు మాట్లాడడు. నేను గడప దాటేలోపు దాన్ని బయటికి తెచ్చి నిలబెట్టాడు. వెనక సీటుకు ఒక చుట్ట కాగితాలు కడుతున్నాడు. తాడు మీద ఆరుతున్న జప్తు కాగితాలు.

"ఇవెందుకు సేఠూ?"

"నీ మాట ఎవడు నమ్ముతడప్పా? ఈ తాలూకల నీ కోతలు ఎరగనోడు లేడు. నేను సచ్చేటంత భయపడేది గీటికే. వాళ్లు గూడ భయపడతరు. నా పేరు మాత్రం జెప్పకు."

దొంగ జప్తు కాగితం అంటిస్తే జైలు. నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ముడి గట్టిగా వేశాడు.

తొవ్వంతా రాళ్లు. ప్రతి చెట్టు మీదా నా అక్షరాలు. అవి కూడా నాతో పాటు బావి వైపే వాలి ఉరుకుతున్నట్టున్నాయి. మనుషులు గుంపులుగా అటే నడుస్తున్నారు. ఒక ముసలమ్మ నన్ను ఆపి, "ఈసారి ఏం ఆట బిడ్డా? రాజులదా, దేవునిదా?" అని అడిగింది. "ఎన్కకు వో అవ్వా," అని అరిచాను. నవ్వి, ముందుకే పోయింది.

బావి దగ్గర యాభై మందికి పైనే ఉన్నారు. మెట్ల మీద నీడ ఉందని అక్కడే కూచున్నారు. చుట్టలు కాలుతున్నాయి, సద్ది మూటలు విప్పుతున్నారు. నీళ్లకు మూడు మెట్ల పైన మా అక్క నిలబడి ఉంది, చేతిలో నిండు చెంబు. పక్కన ఆమె అత్త.

"తాగకుండ్రి! నీళ్లల్ల గత్తరున్నది! తాగకుండ్రి!"

ఒక్క క్షణం అందరూ తిరిగి చూశారు. తర్వాత ఒక నవ్వు లేచింది.

"వచ్చిండ్రా నర్సిమ్లు! పోయినేడు గీ బాయిల మొసలున్నదన్నవు గద?"

"మొసలి సచ్చి గత్తరయిందేమో!"

"గీసారి జోకరు యేషం నీదేనా? ముందుగాల్నే మొదలువెట్టినవ్."

నేను పోయినేడు నిజంగానే మొసలి ఉందని చెప్పాను. దానికి పేరు కూడా పెట్టాను. రెండు రాత్రులు జనం మెట్లు దిగలేదని మురిసిపోయాను. ఇప్పుడు అదే నోటితో నిజం చెబుతుంటే, ఎంత గట్టిగా అరిస్తే అంత బాగా నటిస్తున్నానని చప్పట్లు కొడుతున్నారు. ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఇంకా మెచ్చుకున్నారు.

అక్క దగ్గరికి దిగాను. ఆమె మొహం వెలిగిపోతోంది.

"తమ్మీ, నీ కాగితం జూసే వచ్చిన. పొలం కాడికెల్లే గుర్తువట్టిన. ముందుకు వాలినయి మా తమ్మునియే అని ఊరంత జెప్పిన. వీళ్లందరిని నేనే దోల్కొచ్చిన."

"అక్కా, నీళ్లు తాగినవా?"

"రెండు దోసిళ్లు. ఎండకు గొంతు ఎండె. అత్త గూడ తాగింది. ఏంది, గట్ల సూస్తవ్?"

ఆమె చేతిలోని చెంబును లాగి రాయి మీద కొట్టాను. నవ్వులు ఆగాయి. ఎవడో లేచి, "అక్క చేతుల చెంబు గుంజుతవార?" అని నా మీదికి వచ్చాడు. వాణ్ని తప్పించుకొని మెట్లెక్కాను. ఇక నోరు తెరవకూడదని అప్పుడే అనుకున్నాను. నా నోరున్నంతసేపు వీళ్లు నమ్మరు.

సైకిలు దగ్గరికి పోయి చుట్ట విప్పాను. అంటించడానికి లై లేదు. అక్క సద్ది మూటలో జొన్న గటక ఉంది. అది చేత్తో తీసి రాతికి పులిమి, నా ఉరుకు కాగితాన్ని చింపేసి, ఆ జాగాలో జప్తు కాగితం అంటించాను. ఒక స్తంభానికి, రెండో స్తంభానికి, గిలక మొద్దుకు, మెట్ల మొదట్లో గోడకు. ఎవరి మొహమూ చూడలేదు. కచేరీ జవాను అంటించేటప్పుడు ఎవరి మొహం చూస్తాడు?

నాలుగో కాగితం దాకా పోకముందే సద్దు అణిగింది. ఒక ముసలాయన చుట్ట తీసి నేలకు రాశాడు.

"జప్తా?"

"బాయి జప్తయిందట."

"నీళ్లు గూడనా?"

"బాయి అంటే నీళ్లు గాదార? ముట్టుకుంటే మన ఇండ్లకు గూడ ఒకటి అంటిస్తరు. లెవ్వుండ్రి, లెవ్వుండ్రి."

చెంబుల్లో నీళ్లున్నవాళ్లు వాటిని దొంగసొత్తులా మెల్లగా బావిలోనే ఒంపారు. చాపలు చుట్టారు. పిల్లల చేతులు పట్టుకున్నారు. కాగితంలో ఎవరి పేరూ లేదు, ముద్ర జాగా ఖాళీగా ఉంది. ఒక్కరూ దగ్గరికి వచ్చి చూడలేదు. గత్తరకు కదలని యాభై మంది ఆ నల్ల గీతకు కదిలారు. దేవమ్మ బండి వచ్చేసరికి మెట్ల మీద నేనూ అక్కా ఆమె అత్తా తప్ప ఎవరూ లేరు. దేవమ్మ పోయేవాళ్లను బోరంచ ఊరి బావి వైపు మళ్లించింది. అక్కడి నీళ్లు మంచివని డాక్టరు ముందే చూశాడు.

రెండు దోసిళ్లు

నేను రాకముందు తాగినవాళ్లు ఆరుగురు. దేవమ్మ ఒక్కొక్కరినీ ఊరూ ఇల్లూ అడిగి గుర్తుపెట్టుకుంది. అక్క, ఆమె అత్త అందులో ఇద్దరు.

నేను అక్క ఇంట్లోనే ఉండిపోయాను. బుధవారం పొద్దున దాకా ఏమీ లేదు. అక్క నన్నే తిట్టింది, మంచి చెంబు సొట్ట చేశానని. మధ్యాహ్నానికి ఇద్దరూ పడిపోయారు. గత్తర మనిషిని ఎట్లా పిండుతుందో చూడనివాళ్లకు చెప్పను. సాయంత్రానికి అక్క కళ్లు గుంటల్లోకి పోయాయి, పిక్కలు రాయిలా బిగిసి అరిచింది. తర్వాత అరవడానికి కూడా గొంతు లేదు. దేవమ్మ గంజిలో ఉప్పు వేసి చెంచాతో పోస్తూనే ఉంది. కక్కితే మళ్లీ పోస్తుంది. నన్ను పిక్కలు పట్టమంది. పట్టాను. ఇన్నేళ్లు కట్టె పట్టిన చేతులకు ఆ పిక్కలు కట్టెలాగే తగిలాయి.

గురువారం అత్త పోయింది. ఆమె కొడుకు, అంటే మా బావ, తల్లిని కాటికి తీసుకుపోయి తిరిగి వచ్చి నా ఎదురుగా కూచున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఏదో చెప్పబోయాను.

"నువ్వేం జెప్పకు నర్సిమ్లూ," అన్నాడు.

చెప్పలేదు. అక్షరాన్ని తప్పు పట్టవచ్చు. కాని అక్షరం చేతకానిదేం కాదు. పిలవడం దాని పని, అది పిలిచింది. ఎవరిని, ఎక్కడికి పిలుస్తుందో చూడవలసినవాణ్ని నేను. కుర్రవాళ్లకు చెబుతున్నాను: మీ అక్షరం ఎంత బాగా పనిచేస్తే అంత ప్రమాదం. పనికిమాలిన అక్షరం ఎవరినీ చంపదు.

శుక్రవారం అక్క గంజి కక్కకుండా మింగింది. ఇంకోసారి మింగింది. దేవమ్మ అప్పుడు మొదటిసారి గోడకు ఒరిగి కళ్లు మూసుకుంది. మిగతా నలుగురిలో ఒకరికే వచ్చింది, అతను లేచాడు.

బావిని ఎవరు జప్తు చేశారని కచేరీలో అడిగారట. డాక్టర్ సాబ్ తానే చేయించానని చెప్పాడు. సంగప్ప ఆ వారమంతా జ్వరం అని ఇంట్లో పండుకున్నాడు. జ్వరం లేదని ఊరంతటికీ తెలుసు. నేను ఆ తర్వాత ఆయన్ను చూసి నవ్వలేదు.

రెండో నోటీసు

గత్తర నాగల్‌గిద్ద వైపు పాకింది. డాక్టరు మళ్లీ వచ్చాడు, అక్కడి బావులకు నోటీసులు కావాలన్నాడు. జప్తు కాగితాన్ని మళ్లీ వాడడానికి లేదు, కచేరీవాళ్లు గట్టిగా హెచ్చరించారు. మనమే ఒకటి తయారుచేయాలి.

"జల్దీ," అన్నాడు డాక్టరు.

"రెండు గంటలు ఇయ్యుండ్రి సాబ్. ఒక మనిషికి సూపెట్టాలె."

"నేను సూస్త గద?"

"మీకు సదువొస్తది."

ఆయన సంచి దించి బల్ల మీద కూచున్నాడు.

తాగవద్దన్న మాటనే నిటారు అక్షరాల్లో పేర్చాను. చుట్టూ ఏమీ లేకపోతే బోడిగా ఉందని, అక్షరాల కేసులో ఉన్న ఒక చిన్న లతల అంచు వేశాను. ప్రూఫు తీసుకొని, సంగప్ప సైకిలు అడిగి, అక్క ఇంటికి పోయాను. అక్క గోడకు ఆనుకొని కూచుంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి. కాగితం ఆమె ఎదుట గోడకు పట్టుకున్నాను. ఏం రాసిందో చెప్పలేదు.

"దీన్ని జూస్తే ఏమనిపిస్తుంది?"

చాలాసేపు చూసింది. "ఎవరిదో పెండ్లి," అంది.

తిరిగి ఖేడ్ వచ్చాను. లతలు తీసేశాను. బొటనవేలంత లావు నల్ల పట్టీ నాలుగు దిక్కులా బిగించాను. అక్షరాల మధ్య దూరం పెంచాను, ఒకదాని భుజం ఒకదానికి తగలకుండా, అంత్యక్రియల్లో మనుషులు నిలబడినట్టు. ఎందుకో సిరా కూడా ఎక్కువ పూశాను. తడి కాగితాన్నే సైకిలు మీద పట్టుకొని మళ్లీ పోయాను. డాక్టరు ప్రెస్సు గడపలో గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

అక్క ఈసారి కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. వేలికి సిరా అంటింది. చూసింది. తల పక్కకు తిప్పుకుంది.

"ఏమనిపిస్తుంది అక్కా?"

"అత్తమ్మ యాదికొస్తుంది," అంది. కాగితం నాకు తిరిగి ఇచ్చింది. "ఇదైతే నేను వచ్చేదాన్ని గాదు తమ్మీ. ఇగ అచ్చు కొట్టు."